తెల్లెలుక తూకం, డెల్టా బియ్యం

తెల్లెలుకను బోనులో పెట్టి ముద్దుగా పెంచుకోవడం మన నగరాల్లో కొత్త సరదా. పెంచేవాళ్లకు మొదట వచ్చే సందేహాలు మూడే. ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి, ఎంత బరువుంటే ఆరోగ్యంగా ఉన్నట్టు? జవాబులూ సిద్ధంగానే దొరుకుతాయి. రోజుకు 15 నుంచి 20 గ్రాముల మేత, అందులో మాంసకృత్తులు నూటికి 16 పాళ్ల దరిదాపుల్లో, కొవ్వు నాలుగైదు పాళ్లు. పెరిగిన ఆడ ఎలుక పావుకిలో మొదలు 350 గ్రాముల దాకా తూగవచ్చు, మగది అరకిలో లోపు. ఈ అంకెలకు మూలం పెంపుడు జంతువుల దుకాణాల్లో లేదు. మనుషులు తింటున్న తిండి మీద అనుమానం కలిగి, అది తీర్చుకోవడానికి ఎలుకను తక్కెడలో కూర్చోబెట్టిన కాలంలో అవి పుట్టాయి. ఆ అనుమానానికి గురైన తిండ్లలో తెలుగు కోస్తా జిల్లాల పచ్చిబియ్యపు అన్నం ముఖ్యమైనది, పామర్రు లాంటి మాగాణి ఊళ్లు మూడు పూటలా తిన్న అన్నం అదే. ఆ చరిత్రను వరసపెట్టి చూస్తే నాకు తేలేది ఒకటుంది. తిండిలో ఏదో తేడా ఉందని ఎలుక బరువు చెప్పగలిగింది. ఆ తేడా ఏమిటన్నది మాత్రం అది ఎన్నడూ చెప్పలేదు. రెండో పని కూడా తక్కెడే చేసిపెడుతుందని నమ్మినప్పుడల్లా లెక్క తప్పింది.

కృష్ణా డెల్టాలో ఎలుకకూ వరికీ ఉన్న సంబంధం ప్రయోగశాలల కన్నా పాతది. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలవ నీరు అందిన కొద్దీ పామర్రు, మొవ్వ, గుడివాడ వైపు నల్లరేగడి నేలలు మాగాణులయ్యాయి. వరిచేను ఉన్నచోట గట్టు కింద పందికొక్కు ఉండక తప్పదు. పైరు పొట్టకొచ్చే వేళకు అది పిల్లలు పెడుతుంది, కోతలు దగ్గరపడేసరికి వెన్నులు కొరికి బొరియలోకి లాగి దాచుకుంటుంది. దాన్ని పట్టడంలో యానాదులు ఆరితేరినవాళ్లు. కుండలో గడ్డి రాజేసి, బొరియ నోటికి ఆనించి పొగ ఊది ఎలుకను పట్టే వాళ్ల పద్ధతి, 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ అచ్చువేసిన దక్షిణాది కులాల, తెగల సంపుటాలకూ ఎక్కింది. చేనుగలవాడికి ఎలుక పోతే చాలు. పట్టినవాళ్లకు మాంసం దక్కేది, బొరియ తవ్వితే దొరికే ధాన్యం దక్కేది. ఎలుక బరువు మీద ఈ ప్రాంతంలో మొదట ఆసక్తి చూపినవాళ్లు శాస్త్రవేత్తలు కారు, ఈ వేటగాళ్లే. వాళ్లకు బరువంటే కూర. కోతల తర్వాత ఎలుక బలిసి ఉంటుందని తెలుసుకోవడానికి వాళ్లకు తక్కెడ అక్కర్లేదు.

ఆ ఎలుక ఎలా తింటుందో కొంచెం నిలిచి చూడాలి. గింజను ముందరి కాళ్లతో పట్టుకుని, పళ్లతో ఊక ఒలిచి, లోపలిది నములుతుంది. ఊక రాలిపోతుంది గాని తవుడు పొర గింజనే అంటిపెట్టుకుని ఉంటుంది. అంటే పందికొక్కు తినేది ముడిబియ్యం. పైగా దాని భోజనం వరితో ఆగదు. గడ్డిదుంపలు, పురుగులు, నత్తలు, పీతలు, దొరికిందల్లా తింటుంది. ఆ చేను ఆసామి ఇంట్లో జరిగింది దీనికి తలకిందులు. రోట్లో దంచుకున్నన్నాళ్లు బియ్యానికి కొంత తవుడు మిగిలేది. ఇరవయ్యో శతాబ్దంలో మిల్లులు పెరిగాక బియ్యం మల్లెపువ్వులా తెల్లబడింది. తవుడు, చిట్టు గేదెల తొట్టికి పోయాయి. తెల్లటి బియ్యాన్ని మళ్లీ రెండు మూడు నీళ్లలో కడిగితే ఆ కడుగూ కుడితిలోకే పోయింది. అన్నం ఉడికాక వార్చిన గంజి కూడా చాలా ఇళ్లలో అటే వెళ్లింది. బియ్యపు గింజలోని బి1 విటమిన్ ఎక్కువగా ఉండేది పై పొరల్లో, పోగా మిగిలినదీ నీళ్లలో కరిగేది. కాబట్టి ఒక్క మాట నిస్సంకోచంగా అనవచ్చు. ఆ రోజుల్లో డెల్టా ఇంట అందరికన్నా బలమైన తిండి తిన్నది గేదె.

మనుషులకు మిగిలింది బెరిబెరి. కాళ్లు తిమ్మిరెక్కి నడక తప్పడం ఒక రకం. ఒళ్లంతా నీరు పట్టి గుండె ఆగిపోవడం ఇంకో రకం. చంటిపిల్లల్లో అయితే తల్లిపాలలోనే బి1 కొరవడి, గంటల మీద ప్రాణం పోయేది. దేశంలో ఈ జబ్బు గట్టిగా వేళ్లూనిన చోటు ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు. ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా పనిచేసిన జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ బెరిబెరి మీద తన గ్రంథాన్ని 1835లోనే మద్రాసులో అచ్చువేశాడు. అప్పటికి మిల్లులూ లేవు, ఆనకట్టా లేదు. మరి నేరం మిల్లుదెలా అవుతుంది? నేరం తెల్లదనానిది అంటాను నేను. రోకలితో కూడా ఒకటికి రెండుసార్లు పోటువేసి బియ్యాన్ని తెల్లగా చేయవచ్చు, కాకపోతే దానికి చాకిరీ కావాలి. ఆ చాకిరీ కొనుక్కోగలిగిన ఇళ్లలోనూ, బజారు బియ్యం మీద బతికే దండుల్లోనూ ఆ తెల్లదనం మిల్లు కన్నా ముందే ఉండే వీలుంది. మిల్లు చేసిందల్లా దాన్ని అందరికీ చవగ్గా అందించడం.

ఎలుక ఈ కథలోకి వచ్చింది నీలగిరుల్లో. అంతకు ముందు, 1890లలో, జావాలో డచ్చి వైద్యుడు ఐక్‌మన్ తెల్లబియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం, తవుడు పెడితే కోలుకోవడం గమనించాడు. 1918లో నీలగిరుల్లోని కూనూరు పాశ్చర్ సంస్థలో ఒకే ఒక గది తీసుకుని వైద్యుడు రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన పరిశోధన కేంద్రం పేరే బెరిబెరి విచారణ. ఖర్చు తగ్గించాలన్న పేరుతో ప్రభుత్వం నడుమ దాన్ని కొన్నాళ్లు మూసేసింది, 1925లో మళ్లీ తెరిచింది. పోషకాహార లోపాన్ని పరిశోధించే సంస్థనే పొదుపు పేరిట మాడ్చడం ప్రభుత్వాలకే సాధ్యం. 1928కి అది పోషకాహార పరిశోధన ప్రయోగశాల అయింది. మెక్‌కారిసన్ మొదట పావురాలతో పనిచేశాడు, తర్వాత తెల్లెలుకలను పెద్ద ఎత్తున పెంచాడు. ఎలుకను ఎన్నుకోవడానికి కారణాలు తేలికైనవే. మనం తినేవన్నీ అది తింటుంది. దాని ఆయుష్షు రెండు మూడేళ్లు గనక బాల్యం నుంచి ముసలితనం దాకా ఒకే పరిశోధకుడు చూడగలడు. పెరుగుదల ఎంత వడిగా ఉంటుందంటే వారం వారం తూచితే బరువు గీత పైకి పోతోందో ఆగిందో ఇట్టే తెలుస్తుంది.

ఆయన ప్రయోగాల్లో ఎక్కువ పేరొచ్చినది ఏడు గుంపులది. ఒకే వంశానికి, ఒకే ఈడుకు చెందిన పిల్ల ఎలుకలను గుంపుకు 20 చొప్పున విడదీసి, ఒక్కో గుంపుకు ఒక్కో ప్రాంతపు భోజనం పెట్టాడు. సిక్కుల తిండి, పఠాన్‌లది, మరాఠాలది, గూర్ఖాలది, కన్నడిగులది, బెంగాలీలది, చివరికి మద్రాసీలది. గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరగాయలు తిన్న సిక్కు గుంపు సగటున 235 గ్రాములు తూగింది. తెల్లన్నం మీద బతికిన మద్రాసీ గుంపు 155 గ్రాముల దగ్గర ఆగింది. నడుమ మిగిలినవి మెట్లు మెట్లుగా నిలిచాయి. మెక్‌కారిసన్ ఈ ఫలితాల బొమ్మను 1936లో లండన్‌లో ఇచ్చిన కాంటర్ ఉపన్యాసాల్లో చూపించాడు, అప్పటి నుంచి అది ఎన్నో పుస్తకాల్లో తిరిగింది. పంజాబీ దృఢకాయుడు, మద్రాసీ అర్భకుడు అనే వలసపాలకుల నానుడికి ఇది వంతపాడిందని కొందరు తప్పుపడతారు. పైకి అలాగే కనిపిస్తుంది. నిదానించి చూస్తే ఈ ప్రయోగం ఆ నానుడి కాళ్లు విరగ్గొట్టింది. ఎలుకలన్నిటిదీ ఒకే జాతి. మారింది పళ్లెం మాత్రమే. దేహదారుఢ్యం రక్తంలో ఉందనేవాళ్లకు, కాదు, గోధుమల్లోనూ పాలల్లోనూ ఉందని తక్కెడ ముఖం మీద చెప్పింది. బరువు చేసిన మేలు ఇంతవరకు నిజం.

దాని చేతకానితనం కూడా ఆ బొమ్మలోనే ఉంది. మద్రాసీ అన్న ఆ చీటీ కింద ఎవరెవరు పడ్డారు? గంజాం నుంచి తిరునెల్వేలి దాకా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీ అంతా. తంజావూరు కూలీ తిన్నది, పామర్రు పాలేరు తిన్నది ఒకే గంపలో వేసి తూచినట్టయింది. తమిళ జిల్లాల్లో పేదలు ఎక్కువగా తిన్నది ఉప్పుడు బియ్యం, అక్కడ బెరిబెరి అరుదు. సర్కారు జిల్లాల్లో తిన్నది పచ్చి వడ్లను మరాడించిన తెల్లబియ్యం, జబ్బంతా అక్కడే. మెక్‌కారిసన్ తర్వాత 1935 నుంచి పదేళ్లు కూనూరు ప్రయోగశాలకు అధిపతిగా ఉన్న ఎక్రాయిడ్, ఆయన తోటి పరిశోధకులు 1940లో వెలువరించిన బియ్యం సమస్య నివేదిక ఈ తేడానే పట్టుకుంది. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు పై పొరల్లోని బి1 గింజ లోపలికి ఇంకుతుంది, ఆ తర్వాత మిల్లు పై పొర గీకేసినా చాలా భాగం లోపలే ఉండిపోతుంది. తర్వాతి కాలంలో హైదరాబాదు నుంచి వచ్చిన భారతీయ ఆహార విలువల పట్టికలు దీన్ని అంకెల్లో చూపుతాయి. మరపట్టిన పచ్చిబియ్యం 100 గ్రాముల్లో బి1 0.06 మిల్లీగ్రాములు, మరపట్టిన ఉప్పుడు బియ్యంలో 0.21. దంపుడు పచ్చిబియ్యంలోనూ అదే 0.21. ఇక శక్తి చూడండి, మూడింటిలోనూ 345, 346 కేలరీలు. మనిషిని మంచాన పడేసే తేడా మూడున్నర రెట్లుంటే, ఒళ్లు పెంచే సరుకులో తేడా ఒక్క కేలరీ. తక్కెడకు ఎక్కువగా కనిపించేది రెండోదే.

దీనికి జీవరసాయనం తెలిసినవాళ్లు అడ్డుచెబుతారు. బి1 పూర్తిగా తీసేసిన మేత పెడితే ఎలుక ఆకలి చచ్చి, తిండి మానేసి, వారాల్లో బక్కచిక్కుతుంది, అప్పుడు తక్కెడ పట్టుకున్నట్టే కదా అని. పట్టుకుంటుంది, కాదనను. కాని మాంసకృత్తులు చాలకపోయినా గీత అలాగే దిగుతుంది. ఉప్పుల్లో ఏది లోపించినా, ఊపిరితిత్తులకు జబ్బు చేసినా అలాగే. దిగిన గీత ఏ లోపం వల్ల దిగిందో చెప్పదు, ఒక్కొక్కటే చేర్చి చూస్తే తప్ప. పైగా ఎలుకకు తన పెంటికలను తానే తినే అలవాటుంది. పెంచేవాళ్లు చూసి మొహం తిప్పుకునే ఈ పనిలో పెద్ద లాభముంది. పేగుల్లోని సూక్ష్మజీవులు తయారుచేసిన బి విటమిన్లు ఆ దారిన మళ్లీ ఒంటికి చేరతాయి. అందుకే విటమిన్ల ప్రయోగాల్లో బోను అడుగున తీగజల్లెడ పరిచి పెంటికలు కిందికి రాలిపోయేట్టు చేస్తారు. సి విటమిన్ విషయం మరీ చిత్రం. ఎలుక దాన్ని తన కాలేయంలోనే చేసుకుంటుంది, మనిషికి ఆ భాగ్యం లేదు. ఒక్క ఉసిరికాయ ముట్టకుండా ఎలుక నిక్షేపంగా ఉంటుంది, మనిషికి చిగుళ్ల నుంచి నెత్తురు కారుతుంది.

ఎలుక సాక్ష్యం ఎంత జాగ్రత్తగా వినాలో బొంబాయిలో జరిగిన ఒక పరిశోధన ఇంకా బాగా చూపుతుంది. 1928లో ఇంగ్లండు నుంచి వచ్చిన లూసీ విల్స్ గర్భిణుల్లో వచ్చే ఒక రకం రక్తహీనతకు కారణం వెతుకుతూ, బొంబాయి పేద స్త్రీలు తినే భోజనాన్నే ఎలుకలకు పెట్టింది. వాటికీ రక్తం తగ్గింది. తిండి నేరం రుజువైందనుకునే సమయానికి ఎలుకల ఒంటిమీద పేలున్నాయని, వాటివల్ల వచ్చిన సూక్ష్మజీవి ఫలితాలను కలుషితం చేసి ఉండవచ్చని బయటపడింది. ఆమె ఎలుకలను వదిలి కోతులకు మారింది. చవగ్గా దొరికే ఈస్టు సారం మార్మైట్‌తో జబ్బు నయమవుతుందని 1931లో ప్రకటించింది. ఆ సారంలో పనిచేసినది ఫోలిక్ ఆమ్లమని తేలడానికి, దాన్ని ప్రయోగశాలలో తయారు చేయడానికి 1945 దాకా పట్టింది. అమెరికాలోని లెడర్లే సంస్థలో ఆ పని చేసిన బృందానికి సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మొదటి సాక్షి తప్పు చెప్పినా విచారణ సరైన చోటికే చేరింది, ఎందుకంటే విచారించినవాళ్లు ఆ సాక్షి మాటనే తీర్పుగా తీసుకోలేదు.

ఇంతవరకు చెప్పినదంతా కరువు కాలపు లెక్క. ఎక్కువ బరువంటే మంచి తిండి అన్న సమీకరణం ఆ కాలానికి చెల్లింది. దానికి మొదటి దెబ్బ 1935లో తగిలింది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ మెక్‌కే బృందం విటమిన్లు, ఉప్పులు అన్నీ సరిగా ఉంచి కేలరీలు మాత్రం కోసేసిన మేత ఎలుకలకు పెట్టింది. అవి చిన్నగా, తేలిగ్గా ఉండిపోయాయి. కడుపునిండా తిన్న వాటికన్నా చాలా ఎక్కువ కాలం బతికాయి. మెక్‌కారిసన్ బొమ్మ చూసి 155 కన్నా 235 ఎల్లప్పుడూ మేలనుకున్నవాళ్లు ఆ ఫలితం ముందు ఆగవలసిందే. తేలికగా ఉండటంలో రెండు రకాలున్నాయి. లోపించిన తిండి తిని తేలికైన ఎలుక వేరు, అన్నీ ఉన్న తిండి కొంచెంగా తిని తేలికైన ఎలుక వేరు. తక్కెడ మీద రెంటిదీ ఒకే అంకె కావచ్చు.

కూనూరు ప్రయోగశాల 1958లో హైదరాబాదు తరలివచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. దానితోపాటు తరతరాలుగా పెంచుతున్న విస్టార్ ఎలుకల వంశమూ వచ్చింది. ఆ వంశంలోనే 1996లో, ఎవరూ ప్రత్యేకంగా ఏమీ పెట్టకుండానే, ఒక లావుపాటి ఎలుక పుట్టింది. దాని సంతతిని వేరుచేసి పెంచితే ఆకలికి అంతులేని ఎలుకలు వచ్చాయి. కిలో దాటి తూగేవి, సంతానం కనలేనివి, మామూలు ఎలుక ఆయుష్షులో సగానికే పోయేవి. వాటి రక్తంలో ఆకలిని అణచవలసిన లెప్టిన్ హార్మోను సమృద్ధిగానే ఉంటుంది, కాని మెదడు దాని మాట వినదు. బెరిబెరిని వెతకడానికి పుట్టిన సంస్థ ఇప్పుడు స్థూలకాయాన్ని, చక్కెర జబ్బును అర్థం చేసుకోవడానికి అవే బోనుల వైపు చూస్తోంది. దీన్ని కొందరు విధి వైచిత్రి అంటారు. నాకది వరుస తప్పని కథలాగే కనిపిస్తుంది. డెల్టా పళ్లెంలో అన్నం అదే తెల్లన్నం. ఒకప్పుడు నాట్లు, కోతలు, కాలినడక ఆ కేలరీలను కరిగించేవి, పక్కన చాలినంత పప్పూ పాలూ లేక లోపం బయటపడేది. ఇప్పుడు పక్కన కూరలు పెరిగాయి, కదలిక తగ్గింది, మిగులు బయటపడుతోంది. మొదటి దశలో బరువు తగ్గడం హెచ్చరిక, రెండో దశలో పెరగడం. రెండు దశల్లోనూ అంకె వెనక పళ్లెం చూసినవాడికే సంగతి తెలిసింది.

పెంపుడు ఎలుక సంగతి ఇక్కడే తేలుతుంది. దాని యజమాని సాధారణంగా రకరకాల గింజలు కలిపిన పొట్లం కొంటాడు. ఎలుక అందులోంచి పొద్దుతిరుగుడు గింజలు, వేరుశనగలు ఏరుకు తిని మిగతాది వదిలేస్తుంది. కొవ్వు పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, యజమాని సంతోషిస్తాడు. మాంసకృత్తులూ ఉప్పులూ గిన్నె అడుగునే ఉండిపోతాయి. గింజలన్నీ పొడిచేసి ఒకే రకం ముద్దలుగా ఒత్తిన ప్రయోగశాల మేత ఏర్పడిన కారణాల్లో ఇదొకటి, ఏరుకునే వీలు లేకుండా చేయడం. వారానికోసారి వంటింటి తక్కెడ మీద తూచడం మంచి అలవాటే. ఉన్నట్టుండి పదో వంతు బరువు తగ్గితే పళ్లు పెరిగి నమలలేకపోతోందో, ఊపిరితిత్తుల్లో ఏదైనా చేరిందో వైద్యుడికి చూపించాలి. నెమ్మదిగా పెరుగుతూ పోతే గిన్నెలో ఏం మిగులుతోందో చూడాలి. ఇంటి తిండి పెట్టాలనుకునేవాళ్లకు మెక్‌కారిసన్ తన ఆరోగ్యవంతమైన మందకు పెట్టిన జాబితా ఇప్పటికీ పనికొస్తుంది. పొట్టు తీయని గోధుమ రొట్టె, కాస్త వెన్న, మొలకెత్తిన శనగలు, పచ్చి క్యారెట్టు, క్యాబేజీ, పాలు, వారానికోసారి ఎముకతో కొంచెం మాంసం. బోనులో కూర్చుని తినే పెద్ద ఎలుకకు వెన్న మానేయవచ్చు, పాలు తగ్గించవచ్చు. అందులో బియ్యం లేదని డెల్టా వాళ్లు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. గంజి వార్చకుండా వండిన ముడిబియ్యం ఒక చెంచా, ఆ శనగల పక్కన, తోటకూర కాడతో కలిపి పెడితే ఎలుకకు వచ్చే నష్టమేమీ లేదు. గట్టు మీది పందికొక్కు ఎటూ తినేది ఆ గింజే.